ఇంగ్లీషు మాటకు అర్థం ఎక్కడ చూడాలి: తెలుగు నిఘంటువా, ఇంగ్లీషు నిఘంటువా, పదాల పట్టికా?

కొత్త ఇంగ్లీషు మాట తగిలితే మనకు మూడు దారులున్నాయి. తెలుగు అర్థాలిచ్చే నిఘంటువు, అర్థాన్ని కూడా ఇంగ్లీషులోనే చెప్పే నిఘంటువు, పోటీ పరీక్షల కోసం బట్టీ పట్టే పదాల పట్టిక. ఏదో ఒకదాన్నే పట్టుకుని అన్ని పనులూ దానితోనే చేయించుకోవాలని చూస్తాం. చిక్కంతా అక్కడే.

తెలుగు అర్థం చూడటం నామోషీ అనుకునేవాళ్లున్నారు. అందులో నామోషీ ఏముంది? 'జాండిస్' గురించి ఇంగ్లీషు నిఘంటువు చర్మం, కళ్లలోని తెల్లభాగం పచ్చబడటం అంటూ పెద్ద వాక్యమే రాస్తుంది. 'కామెర్లు' అంటే ఒక్క ముక్కలో తేలిపోతుంది. 'వుడ్‌పెకర్' అంటే వడ్రంగి పిట్ట. పిట్టలు, చెట్లు, జబ్బులు, పనిముట్ల పేర్లకు తెలుగు నిఘంటువే మేలు. కాకపోతే పాతకాలపు నిఘంటువుల్లో ఒక తమాషా ఉంది: వాళ్లిచ్చిన తెలుగు అర్థానికి మళ్లీ అర్థం వెతుక్కోవాల్సి వస్తుంది!

క్రియల దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. 'సీ', 'లుక్', 'వాచ్' మూడూ మనకు 'చూడటమే'. 'డిస్కస్' అంటే చర్చించడం, ఇందులో తప్పేమీ లేదు. కానీ మనం 'దాని గురించి' చర్చిస్తాం కాబట్టి ఇంగ్లీషులోనూ 'డిస్కస్డ్ అబౌట్ ఇట్' అనేస్తాం. అక్కడ 'అబౌట్' అక్కర్లేదు, 'డిస్కస్డ్ ఇట్' చాలు. 'డాక్టరుతో పెళ్లయింది' అనే అలవాటులో 'మ్యారీడ్ విత్ ఎ డాక్టర్' అంటాం. అక్కడ ఉండాల్సింది 'టు'. 'ఇన్ఫర్మేషన్', 'అడ్వైస్' మాటల చివర 'స్' చేర్చడమూ ఇలాంటిదే. మాటకు అర్థం తెలిసి కూడా వాక్యం తప్పుతున్నామంటే, మనకు కావాల్సింది అర్థం కాదు, వాడుక.

'కాజ్' అనే మాట ఇంకా గమ్మత్తైనది. తెలుగులో గెలుపుకైనా ఓటమికైనా 'కారణమైంది' అంటాం. ఇంగ్లీషువాళ్లు 'కాజ్' పక్కన ఎక్కువగా ప్రాబ్లమ్, డ్యామేజ్, డిలే లాంటి చెడ్డవే పెడతారు. కష్టం వల్ల విజయం వచ్చిందని చెప్పడానికి 'లెడ్ టు సక్సెస్' అంటే సహజంగా ఉంటుంది. ఇలాంటి సంగతి పక్కన ఒక తెలుగు మాట రాసినంత మాత్రాన తెలియదు, నాలుగైదు ఉదాహరణ వాక్యాలు చూడాలి.

అందుకే వాడుక కోసం ఇంగ్లీషు-ఇంగ్లీషు నిఘంటువుకే నా ఓటు. అయితే అది నేర్చుకునేవాళ్ల కోసం రాసిందై ఉండాలి. ఇంగ్లీషే మాతృభాషగా ఉన్నవాళ్ల నిఘంటువు తెరిస్తే ఒక మాట కోసం వెళ్లి మూడు కొత్త మాటల్లో ఇరుక్కుంటాం. ఈ నేర్చుకునేవాళ్ల రకానికి దారి వేసినవాళ్లలో ఎ.ఎస్. హార్న్‌బీ ఒకరు. జపాన్‌లో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన ఆయన నిఘంటువు మొదట 1942లో అక్కడే వచ్చింది, 1948లో ఆక్స్‌ఫర్డ్ దాన్ని వేసింది. 1978లో వచ్చిన లాంగ్‌మన్ నిఘంటువు సుమారు 2000 తేలిక మాటలతోనే అర్థాలు చెప్పింది. 1987 నాటి కోబిల్డ్ అనే నిఘంటువు ఇంకో అడుగు వేసి, అర్థాన్నే పూర్తి వాక్యంగా రాసింది. ఆ వాక్యంలోనే మాటను ఎలా వాడాలో కూడా కనిపిస్తుంది. చదివి అర్థం చేసుకోవడానికి లాంగ్‌మన్, సొంతంగా రాయడానికి కోబిల్డ్ అని నా లెక్క. ఆక్స్‌ఫర్డ్, లాంగ్‌మన్ రెండూ నెట్‌లో ఉచితంగానే చూడొచ్చు.

ఇక పట్టికలు. సన్నగా ఉన్నవాళ్ల గురించి చెప్పే 'థిన్', 'స్లెండర్', 'స్కిన్నీ' మూడింటినీ ఒకే వరుసలో పెట్టి సమానార్థకాలు అనేస్తాయి. 'స్లెండర్' మెచ్చుకోలు, 'స్కిన్నీ' చాలాసార్లు ఎత్తిపొడుపు. పట్టిక చూసి ఎవరినైనా 'స్కిన్నీ' అంటే వాళ్ల ముఖం మాడిపోవచ్చు. పైగా అక్షరక్రమంలో బట్టీ పడితే ఒకేలా మొదలయ్యే మాటలు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి.

పరీక్ష నెత్తిమీదికి వచ్చి టెన్షన్‌లో ఉంటే మాత్రం పట్టిక తప్పదు. అప్పుడైనా మాట పక్కన తెలుగు అర్థంతో పాటు ఒక చిన్న ఇంగ్లీషు వాక్యం రాసుకోండి. ఒక్కరోజే వందసార్లు వల్లెవేయకుండా రేపు ఒకసారి, నాలుగు రోజులాగి ఒకసారి, వారం తర్వాత ఇంకోసారి తిరగేయండి. తిరగేసేటప్పుడు అర్థాన్ని చేత్తో మూసి, ముందు మీరే చెప్పడానికి ప్రయత్నించండి.