కొలరాడో కొలంబైన్ విత్తనాల ప్యాకెట్: గింజలకు 5 స్టార్లు, వెనక రాసినదానికి 2

డెన్వర్ దగ్గర ఉంటాం. కొండల్లో జూలైలో నడకకి వెళ్లినప్పుడు దారి పక్కన ఈ పువ్వు చూసి ఇంట్లో పెంచి తీరాలనుకున్నాను. బయట నీలం, లోపల తెలుపు, మధ్యలో పసుపు కేసరాల గుత్తి, వెనక్కి సాగిన ఐదు సన్నటి తోకలు. 1899 నుంచి కొలరాడో రాష్ట్ర పువ్వు ఇదే. ప్రభుత్వ భూముల్లో దీన్ని వేళ్లతో సహా పెరకకూడదని 1925లోనే చట్టం చేశారు కాబట్టి దయచేసి కొండ మీంచి తెచ్చుకోవద్దు, కొనుక్కోండి.

నేను కొన్న ప్యాకెట్ మీద ఏప్రిల్‌లో చల్లి పావు అంగుళం మట్టి కప్పమని ఉంది. అలాగే చేశాను, రెండు నెలలు రోజూ తడిపాను, ఒక్కటంటే ఒక్కటి మొలవలేదు. చాలా బాధేసింది. తర్వాత తెలిసింది ఏమిటంటే ఈ గింజ బంతి గింజలా వేయగానే మొలిచే రకం కాదు, కొండ మీద రాలి చలికాలమంతా మంచు కింద తడిగా పడి ఉండి, మంచు కరిగాక లేస్తుంది, పైగా దానికి వెలుతురు కూడా కావాలి. ఈ రెండు ముక్కలూ ప్యాకెట్ మీద రాయకపోవడం పెద్ద తప్పు.

మిగిలిన సగం గింజలు నవంబరులో తూర్పు గోడ వారన చల్లాను. తోటకూర గింజల్లాగే నల్లగా నిగనిగలాడుతుంటాయి, కాస్త పెద్దవి. మట్టి కప్పకుండా అరచేత్తో అదిమి వదిలేశాను. మా దగ్గరంతా బంకమట్టి, నీళ్లు నిలిస్తే వేరు కుళ్లిపోతుంది, అందుకని ముందే సన్న కంకర కలిపాను. వసంతంలో చూస్తే పదిహేను పైనే మొలకలు! ఆకు అచ్చం కొత్తిమీరే, మా అత్తయ్యగారు కోయబోయారు కూడా. దీని గింజలూ వేళ్లూ విషం, పిల్లలున్నవాళ్లు జాగ్రత్త.

మొదటి ఏడాది ఆకులే. రెండో ఏడాది జూన్‌లో పూసింది. పొద్దుగూకే వేళ హాక్ మాత్ అనే పెద్ద చిమ్మట వచ్చి, పువ్వు మీద వాలకుండా గాల్లోనే ఆగి, పొడుగాటి నాలుకని తోకలోకి దించి చివరనున్న తేనె తాగుతుంటే నేను వంట వదిలేసి కిటికీ దగ్గరే నిలబడిపోయాను.

ఆకుల మీద తెల్లగా ముగ్గు వేసినట్టు వంకర గీతలు వస్తే భయపడకండి, ఆకు లోపల పురుగు తొలుస్తుందన్నమాట, ఆ ఆకులు తుంచి పారేస్తే చాలు, మందులు కొట్టక్కర్లేదు.

కుండీల్లో పెరిగిన మొక్కలు కొంటే ఇంత ఓపిక అక్కర్లేదు కదా అంటారేమో. ఒక పెద్ద స్టోర్‌లో అదే పేరు చీటీ చూసి మూడు కొన్నాను, రెండింటికి ఎర్ర పూలొచ్చాయి. కొలంబైన్‌లలో రకాలు ఒకదానితో ఒకటి తేలిగ్గా కలిసిపోతాయి, అవి పక్కనుంటే రాలిన గింజల నుంచి వచ్చేవి నీలం పూస్తాయన్న నమ్మకం లేదు. అందుకే ఆ రెండూ తీసి వేరే వీధిలో ఉన్న స్నేహితురాలికి ఇచ్చేశాను. ఒక్కో మొక్క కొన్నేళ్లే బతుకుతుంది, తర్వాత మనకి దిక్కు ఆ రాలిన గింజలే. ప్యాకెట్ మీద అక్విలేజియా సెరూలియా అని దీని పూర్తి శాస్త్రీయ పేరుంటేనే కొనండి, కొని నవంబరు దాకా ఆగండి.