తోతాపురి రైతులకు ఏ కంపెనీ మేలు?

జూన్‌లో చిత్తూరు దగ్గర గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి మామిడి ట్రాక్టర్లు బారులు తీరతాయి. ఎండకు అడుగు కాయలు మెత్తబడి రసం కారుతుంటుంది. ఈ టెన్షన్ పడలేక మావాళ్లు సొంత కంపెనీ పెడదామన్నారు. కంపెనీల చట్టం కింద సేవ కోసం పెట్టే సెక్షన్ 8 కంపెనీయా, రైతులే సభ్యులుగా ఉండే ప్రొడ్యూసర్ కంపెనీయా?

సెక్షన్ 8లో లాభం సభ్యులకు పంచకూడదు, ఆశయానికే వాడాలి. చెరువు పూడిక తీయడం, మొక్కలు పెంచడం లాంటి పనులకైతే బాగు.

ప్రొడ్యూసర్ కంపెనీకి కనీసం 10 మంది రైతులు, 5 మంది డైరెక్టర్లు ఉంటే చాలు. రెండెకరాలున్నా, ఇరవై ఎకరాలున్నా మనిషికి ఒకే ఓటు. పెద్ద రైతులకు ఇది మింగుడుపడదు లెండి! మిగులు ఉంటే, ఎక్కువ కాయ తోలినవాళ్లకు ఎక్కువ బోనస్ ఇవ్వొచ్చు. కాయ అమ్ముకుని బతికేవాళ్లం కాబట్టి నేను దీనివైపే. ఏటా ఆడిట్ ఖర్చు మాత్రం రెండింటికీ తప్పదు.