కర్రబొమ్మలకు కదలిక నేర్పే పివట్ యానిమేటర్

హనుమకొండలో మా ఇంటి పాత విండోస్ కంప్యూటర్‌లో రెండు నెలలుగా పివట్ యానిమేటర్‌ను వాడుతున్నాను. కర్రబొమ్మల (గీతలతో గీసిన మనిషి బొమ్మల) యానిమేషన్‌ను కొత్తగా నేర్చుకునేవారికి ఇంతకంటే అనువైన ఉచిత సాఫ్ట్‌వేర్ నాకు కనబడలేదు. కీళ్ల దగ్గరి చుక్కలను మౌస్‌తో పట్టి తిప్పి ఫ్రేమును (ఒక నిశ్చల చిత్రాన్ని) చేర్చగానే, వెనుకటి భంగిమ బూడిదరంగు నీడగా నిలిచి ఉంటుంది. ఎంత కదిలించామో చూపే ఆ నీడే అసలైన గురువు.

బతుకమ్మ ఆటలో వంగి చప్పట్లు కొట్టే అడుగును అందులో తయారుచేశాను. మొదట చేతులను ప్రతి ఫ్రేములోనూ సమానంగా జరపడంతో బొమ్మ మరబొమ్మలా కనిపించింది. చేతులు చాచిన చోట ఒక ఫ్రేము నుంచి మరో ఫ్రేముకు జరిపే ఎడం తగ్గించి, అరచేతులు కలిసే వైపు క్రమంగా పెంచి, వంగేముందు నడుమును ఒక్క ఫ్రేము పాటు కాస్త వెనక్కి వాల్చిన తరువాతే దానికి బరువు, ప్రాణం వచ్చాయి. ఆ క్షణం నాకెంతో సంతోషం కలిగించింది.

సినిమాలో సెకనుకు 24 ఫ్రేములున్నా, ఒక్కో భంగిమను రెండేసి ఫ్రేములు నిలిపి 12 భంగిమలతో నడిపించడం యానిమేటర్ల పాత పద్ధతి కనుక, కొత్తవారు సెకనుకు 12 ఫ్రేములతోనే మొదలుపెట్టవచ్చు. పూర్తయినదాన్ని జిఫ్‌గా (కదిలే చిత్రాల ఫైలుగా) దాచుకోవచ్చు. కొట్లాట సన్నివేశాలకు తొందరపడకుండా, ముందు పది రోజులు నడక మీదే కూర్చోండి.