కాకినాడలో సముద్రపు నాచు పెంపక శిక్షణ: ప్రయోగశాల వరకు మెచ్చదగినదే

సముద్రపు నాచును ప్రయోగశాలలో మొలకెత్తించి, నశించిన నాచు అడవులను తిరిగి నాటే పద్ధతిపై కాకినాడలో ఒక ప్రైవేటు సంస్థ శిక్షణ ఇస్తోంది. రొయ్యల హేచరీల సాంకేతిక సిబ్బందిని, వృక్షశాస్త్ర విద్యార్థులను ఉద్దేశించిన ఈ శిక్షణలో చేతిపని నేర్పే తీరు చాలా బాగుంది. సముద్రం గురించి చెప్పే భాగమే పలచగా ఉంది.

విశాఖ తీరపు రాళ్ళ మీద పెరిగే సర్గాసం అనే గోధుమరంగు నాచు నుంచి పక్వమైన కొమ్మల కొసలను మాత్రమే కత్తిరించి తెస్తారు, తల్లిమొక్కను పెకలించరు. వాటిని శుభ్రమైన సముద్రపు నీటితో కడిగి, ఒక రాత్రి చల్లని చీకటిలో ఉంచి, మర్నాడు మట్టిబిళ్ళలు పరిచిన తొట్టిలో వెలుతురుకు మారుస్తారు. కొమ్మల నుంచి వెలువడిన అండాలు ఫలదీకరణం చెంది బిళ్ళలకు అతుక్కోవడాన్ని, ఆ తరువాత వేరువంటి పట్టు పుట్టడాన్ని మైక్రోస్కోపులో ఎవరికి వారు చూసేలా ఓపికగా చేయిస్తారు. ఇక్కడ హేచరీ వారికి ఒక విచిత్రం ఎదురవుతుంది. రొయ్యపిల్లలకు మేతగా మనం శ్రమపడి పెంచే డయాటమ్‌లనే సూక్ష్మ శైవలాలే ఈ తొట్టిలో కలుపుమొక్కలు. వాటికి పెంకు కట్టుకోవడానికి సిలికా కావాలి గనుక, దానికి అడ్డుపడే జెర్మేనియం డయాక్సైడును స్వల్పంగా కలుపుతారు. మోతాదు మించితే నాచు మొలకలే దెబ్బతింటాయని బోధకుడు పదేపదే హెచ్చరించడం సబబుగా ఉంది.

ఉపన్యాసాల విషయంలో మాత్రం అసంతృప్తి మిగిలింది. మధ్యధరా తీరంలో సిస్టోసైరా జాతి నాచులను ఇలాగే బిళ్ళలపై పెంచి నాటడం, నార్వే పరిశోధకులు చిన్న గులకరాళ్ళపై కెల్ప్ అనే పెద్ద గోధుమరంగు నాచు మొలకలను పెంచి సముద్రంలో వెదజల్లిన పద్ధతిని 2020లో ప్రచురించడం చక్కగా వివరించారు. అయితే నాటిన లేత మొలకలను చేపలు, సముద్రపు ముళ్ళకాయలు (సీ అర్చిన్ అనే ముళ్ళ జీవులు) మేసివేయడం ఈ పనిలో ఎంత పెద్ద అడ్డంకో ఒక్క వాక్యంతో దాటవేశారు. సిడ్నీ వద్ద సుమారు 70 కిలోమీటర్ల తీరంలో అంతరించిన క్రేవీడ్ అనే నాచును పునరుద్ధరించిన ఉదాహరణను కూడా ప్రయోగశాల విజయాల సరసనే చేర్చారు. అక్కడ ప్రధానంగా నాటినవి ఎదిగిన మొక్కలు; అది కూడా నగరపు మురుగునీటిని లోతు సముద్రంలోకి మళ్ళించి, తీరపు నీరు బాగుపడిన తరువాతే.

ఈ లోపం కరపత్రంలో మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. గోదావరి ముఖద్వారాల్లో నాచు అడవులు పెంచవచ్చునని అందులో రాశారు. వరద నెలల్లో గౌతమి, వసిష్ఠ పాయలు మోసుకొచ్చే ఒండ్రు వెలుతురును అడ్డుకుంటుంది, మంచినీరు ఉప్పదనాన్ని పడగొడుతుంది, అడుగున పట్టుకోవడానికి రాయి ఉండదు. ఈ డెల్టాకు సహజమైన అడవి కోరింగ మడ అడవి. లేని నాచు అడవిని పునరుద్ధరించడమనే మాటకు అర్థం లేదు. ఉప్పదనపు హెచ్చుతగ్గులను కొంతవరకు ఓర్చుకుని, రాయి లేకుండానే ఉప్పునీటి చెరువుల్లో పెరగగల గ్రాసిలేరియా అనే ఎర్ర నాచుకు ఆ సమయం కేటాయించి ఉంటే మన ఆక్వా రైతుకు ఎక్కువ ఉపయోగం. దానిని చివరి గంటలో హడావుడిగా ముగించారు.

రుసుము ఎక్కువే అయినా, చేతితో చేయించే పనిని బట్టి అన్యాయం అనిపించదు. ముద్రిత పాఠాలన్నీ ఆంగ్లంలో ఉన్నా బోధన తెలుగులోనే సాగుతుంది. సర్గాసం పక్వానికి రాని నెలల్లో పాత స్లయిడ్లతోనే సరిపెడతారని అక్కడి సిబ్బందే చెప్పారు గనుక, చేరదలచినవారు డబ్బు కట్టే ముందు ఆ సంగతి కనుక్కోవడం అవసరం.