ఆగవలసిన చోట ఆగే పెప్టైడ్ సింథసైజర్: నాలుగేళ్ల వాడకం తర్వాత

మా చిన్న ప్రయోగశాలకు కొత్త పెప్టైడ్ సింథసైజర్‌ను (అమైనో ఆమ్లాలను ఒకదాని తర్వాత ఒకటి అతికించి పెప్టైడ్ అనే గొలుసును తయారుచేసే యంత్రాన్ని) ఎంచుకునేటప్పుడు వేడి చేసే సదుపాయం గురించే ఎక్కువగా చర్చించుకున్నాం. ద్రవం అతినీలలోహిత కాంతిని ఎంత గ్రహిస్తోందో కొలిచే యూవీ డిటెక్టర్‌ను అదనపు ఖర్చుగానే చూశాం. నాలుగేళ్లు వాడాక, ఈ యంత్రంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోస్తున్నది ఆ డిటెక్టరే. కొత్తగా చేరిన అమైనో ఆమ్లం చివరను తాత్కాలికంగా మూసి ఉంచే ఎఫ్‌మాక్ అనే రక్షక సమూహాన్ని పిపరిడిన్ అనే క్షారంతో తొలగించినప్పుడు వెలువడే పదార్థం 301 నానోమీటర్ల వద్ద కాంతిని గ్రహిస్తుంది కాబట్టి, అంతకుముందు జరిగిన కప్లింగ్ (అమైనో ఆమ్లాన్ని గొలుసుకు అతికించడం) ఎలా ఉందో తెరపై వచ్చే పీక్ (శిఖరం) ఎత్తును బట్టి అంచనా వేయవచ్చు.

రెండో ఏడాదిలో ఒక రాత్రి, 26 అమైనో ఆమ్లాల పెప్టైడ్‌ను యంత్రానికి అప్పగించి ఇళ్లకు వెళ్లాం. తెల్లవారి వచ్చేసరికి అది 14వ దశలో ఆగి ఉంది. తెరపై 13 పీక్‌లు ఇంచుమించు ఒకే ఎత్తులో వరుసగా ఉండగా, వాలిన్ అనే అమైనో ఆమ్లం తర్వాత పీక్ రావలసిన చోట దాదాపు చదునైన గీత కనిపించింది. వాలిన్ సీసా దగ్గర చెవి పెట్టి వింటే నైట్రోజన్ సన్నగా బుస్సుమంటూ బయటికి పోతోంది. మూతలోని రబ్బరు రింగు పగలడంతో, ద్రావణాన్ని గొట్టంలోకి నెట్టే పీడనం నిలవడం లేదు. పీక్ మేము పెట్టిన హద్దుకన్నా తగ్గగానే యంత్రం తర్వాతి అమైనో ఆమ్లాన్ని పంపకుండా, గొలుసులు అంటుకుని పెరిగే రెజిన్ పూసలను కడిగి డీఎంఎఫ్ అనే ద్రావణిలో ఉంచి ఆగిపోయింది. గొలుసుల చివర, తర్వాతి అమైనో ఆమ్లం అతుక్కునే అమైన్ ఖాళీగానే ఉంది గనుక, రింగు మార్చి వాలిన్‌ను మళ్లీ కలిపితే సరిపోయింది. పాత యంత్రంలో ఇలాంటిదే జరిగినప్పుడు అది చివరిదాకా నడిచింది. అణువు బరువు చూపే మాస్ స్పెక్ట్రంలో 99 డాల్టన్లు (గొలుసులో ఒక వాలిన్ బరువంత) తక్కువగా వచ్చిన పెప్టైడ్‌ను చేతిలో పెట్టుకుని వారం రోజులు కారణం వెతికాం.

ఆ తర్వాత కొన్నాళ్లు, పీక్‌లు బాగుంటే మధ్యలో వేరే పరీక్ష అక్కర్లేదని తోటివారికి గట్టిగా చెప్పాను. ఆ మాటను ఇప్పుడు సవరించుకోవాలి. 30 దశల్లో ఒక్కొక్కటి 99 శాతం జరిగితే చివరికి సుమారు 74 శాతం సరైన పెప్టైడ్ మిగులుతుంది, 98 శాతమైతే 55 శాతమే. ఈ ఒక్క శాతం తేడా మా డిటెక్టర్‌కు అందదు. క్యాపింగ్ (అతుక్కోని గొలుసుల చివరలను శాశ్వతంగా మూసేయడం) చేయనప్పుడు ఇంకో చిక్కు ఉంది: వెనకబడిన గొలుసులకూ తర్వాతి అమైనో ఆమ్లం అతుక్కుంటుంది కాబట్టి, ఒక దశలో తగ్గిన పీక్ మరుసటి దశలో మళ్లీ పూర్తి ఎత్తుకు చేరుతుంది. దాన్ని చూసి లోపం సర్దుకుందనుకుంటే పొరపాటే. ఆస్పార్టిక్ ఆమ్లం పక్కన గ్లైసిన్ ఉన్నచోట ఏర్పడే ఆస్పార్టిమైడ్ అనే అనవసర ఉప ఉత్పత్తి గురించి, వేడిలో అది పెరుగుతుందని తెలిసినా, ఈ పీక్ ఏమీ చెప్పదు. అందుకే పొడవైన పెప్టైడ్‌లైతే సగం దారిలో కొద్దిగా రెజిన్ తీసి, క్లీవ్ చేసి (గొలుసును రెజిన్ నుంచి విడదీసి), మాస్ స్పెక్ట్రంలో బరువు చూస్తున్నాం. డిటెక్టర్‌లో ద్రవం ప్రవహించే ఫ్లో సెల్‌లో గాలి బుడగ చేరి, యంత్రం అనవసరంగా ఆగిన సందర్భాలు కూడా రెండు ఉన్నాయి.

మేము ముగ్గురమే, ఒకసారికి ఒక్క పెప్టైడే చేస్తాం, రాత్రి కాపలా ఉండే వీలు లేదు. మా అవసరానికైతే మళ్లీ ఇదే కొంటాను. ఒకేసారి పదుల కొద్దీ చిన్న పెప్టైడ్‌లు కావలసినవారికి, ఈ డిటెక్టర్ లేకున్నా, సమాంతరంగా నడిచే యంత్రమే మేలు కావచ్చు. కొనేముందు డెమోలో ఒక సీసా మూతను కావాలనే వదులుగా ఉంచమని అడిగి, యంత్రం ఎక్కడ ఆగుతుందో, అసలు ఆగుతుందో లేదో కళ్లారా చూడండి.