నడుము నొప్పికి చేతి చికిత్స, ఫిజియోథెరపీ: మూడున్నరేళ్లు వాడిన తర్వాత

నేను అనంతపురంలో ఉంటూ ఉరవకొండ వైపు ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు బోధిస్తాను. పోనూ రానూ రోజుకు దాదాపు 100 కిలోమీటర్ల బస్సు ప్రయాణం, బడిలో ఐదు పీరియడ్లు నిలబడి పాఠం చెప్పడం ఏళ్ల తరబడి అలవాటే. 2021 సెప్టెంబరులో ఒక ఉదయం కొళాయి దగ్గర నిండు బిందె ఎత్తి పక్కకు తిరిగేటప్పుడు నడుము పట్టేసింది. వారంలో తగ్గుతుందనుకున్న నొప్పి సంక్రాంతి దాటినా తగ్గలేదు. మాత్రలు వేసుకున్న పూట తగ్గి, మరుసటి పూట మళ్లీ వచ్చేది.

ఎంఆర్‌ఐ తీయిస్తే నాలుగు, ఐదు నడుము పూసల మధ్య మెత్తటి దిండులా ఉండే డిస్కు కొద్దిగా ఉబ్బిందని రాశారు. ఆ కాగితం నాకు నొప్పికంటే ఎక్కువ హాని చేసింది. "డిస్కు జరిగిందంట" అన్న మాట బంధువులందరికీ పాకింది. పుత్తూరు తీసుకెళ్లి కట్టు కట్టిద్దామని ఒకరన్నారు. పుత్తూరు కట్టు పేరు పొందింది విరిగిన ఎముకలకు, నాకు ఎముక విరగలేదు కనుక వెళ్లలేదు. అత్తమ్మ పట్టుబట్టి బెల్టు కొనిపించారు. నేనేమో వంగడం మానేశాను, బిందె ముట్టడం మానేశాను, చివరికి నేల మీద కూర్చోవడం కూడా మానేశాను.

మొదట వెళ్లిన ఫిజియోథెరపీ కేంద్రంలో 15 రోజులు వరుసగా రమ్మన్నారు. రోజుకు 300 రూపాయలు. వేడి కాపడం, కరెంటు ప్యాడ్లు, అల్ట్రాసౌండ్, ఆ పైన నడుముకు పట్టీ బిగించి లాగే ట్రాక్షన్. పడుకుని ఉన్నంతసేపు హాయిగానే ఉండేది, ఇంటికి వచ్చేసరికి నొప్పి యథాస్థితికి చేరేది. ఆ 15 రోజుల్లో నా ఉద్యోగం ఏమిటి, ఎంత దూరం ప్రయాణిస్తాను, ఏ కదలికకు నొప్పి పుడుతుంది అని అడిగినవారు లేరు, నడుము మీద చేయి వేసి చూసినవారూ లేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుము నొప్పిపై మార్గదర్శకాలు వెలువరించి, వ్యాయామాన్ని, రోగికి నొప్పి గురించి వివరించడాన్ని, వెన్నుపూసలను చేతులతో నొక్కి, కదిలించి చేసే చేతి చికిత్సను సూచించిందనీ, ట్రాక్షన్, అల్ట్రాసౌండ్, నడుము బెల్టులను వద్దన్నదనీ చదివినప్పుడు నా 4,500 రూపాయలు గుర్తుకొచ్చి బాధ కలిగింది.

2022 ఫిబ్రవరిలో తోటి ఉపాధ్యాయురాలి మాట మీద మరొక ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లాను. తొలిరోజు ఏ చికిత్సా చేయకుండా దాదాపు గంటసేపు పరీక్షించారు. ముందుకు, వెనక్కి వంగమన్నారు, పడుకోబెట్టి కాలు నిటారుగా ఎత్తి చూశారు, మోకాలి కింద చిన్న సుత్తితో తట్టారు, బొటనవేలిని పైకి నెట్టమని బలం చూశారు. తొడల మధ్య తిమ్మిరి ఉందా, మూత్రం ఆపుకోవడంలో తేడా వచ్చిందా, జ్వరం గానీ అకారణంగా బరువు తగ్గడం గానీ ఉందా అని అడిగారు. ఇవి ఉన్నవారికి ఈ చికిత్స చేయకూడదనీ, వెంటనే పెద్దాసుపత్రికి పంపాలనీ వివరించారు. స్కానింగు చూసి, "మేడమ్, నొప్పి లేనివాళ్లకు తీసినా ఇలాంటి ఉబ్బు చాలామందిలో కనిపిస్తుంది. ఈ కాగితానికి భయపడి వంగడం మానకండి" అన్నారు. నొప్పి లేనివారి స్కానింగులపై 2015లో వచ్చిన ఒక సమీక్షలో 20 ఏళ్లవారిలో 30 శాతం, 80 ఏళ్లవారిలో 84 శాతం మందికి డిస్కు ఉబ్బు ఉన్నట్లు తేలిందని తర్వాత తెలుసుకున్నాను. ఆ రోజు విన్న ఆ ఒక్క మాట నాకు సగం వైద్యం.

ఇక చేతి చికిత్స సంగతి. బోర్లా పడుకోబెట్టి, అరచేతి మడమతో ఒక్కొక్క పూసనూ నెమ్మదిగా, ఊపుతున్నట్లుగా నొక్కేవారు. ముందు పైపైన, నొప్పి సడలినకొద్దీ లోతుగా. కొన్నిసార్లు పక్కకు పడుకోబెట్టి నడుమును తిప్పినప్పుడు 'టక్కు'మని శబ్దం వచ్చేది. జరిగిన ఎముక స్థానంలోకి వచ్చిందని సంబరపడ్డాను. అది కీలులోని ద్రవంలో వాయువు బుడగ కట్టినప్పటి చప్పుడేననీ, ఏ పూసా జరగలేదు కనుక తిరిగి కూర్చునేదేమీ లేదనీ ఆయన విడమరచి చెప్పారు. లేచి నిలబడితే నడుము తేలికపడి ఉండేది, కానీ ఆ తేలిక ఒకటిన్నర రోజుకు మించి నిలవలేదు. చేతి చికిత్స నొప్పిని తీసివేయలేదు, కదలడానికి వీలుపడే ఒక రోజు, రోజున్నర వ్యవధిని ఇచ్చింది. ఆ వ్యవధిలో వ్యాయామం చేసిన వారాల్లో ముందుకు సాగాను, చేయని వారాల్లో ఉన్నచోటే ఉండిపోయాను.

వారానికి రెండు చొప్పున ఆరు వారాలు, 12 సార్లు వెళ్లాను, ఒక్కోసారికి 400 రూపాయలు. ఇంకా వస్తానంటే ఆయనే వద్దన్నారు. వ్యాయామాలు తేలికవే: వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తడం, చేతులూ మోకాళ్ల మీద నిలిచి ఎదురెదురు చేయి, కాలు చాచడం, మోచేతి మీద పక్కగా నిలవడం, రోజూ అరగంట నడక. రెండు నెలల తర్వాత 5 కిలోల బియ్యం సంచిని నేల మీద నుంచి ఎత్తించారు, తర్వాత 10 కిలోలు. బిందె ఎత్తడానికి భయపడిన నాకు ఆ 10 కిలోల సంచి ఎత్తిన రోజు కళ్ల నీళ్లు తిరిగాయి.

2023 ఏప్రిల్‌లో పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌లో రోజంతా కూర్చుని పేపర్లు దిద్దడంతో నొప్పి తిరగబెట్టింది. అప్పటికి నాలుగు నెలలుగా వ్యాయామం మానేసి ఉన్నాను. ఈసారి స్కానింగు జోలికి పోలేదు, మంచం పట్టలేదు. మూడుసార్లు చేతి చికిత్స, మర్నాటి నుంచే నడక, మూడు వారాల్లో మామూలు స్థితి.

లోపాలూ చెప్పాలి. వ్యాయామాల కాగితం ఇంగ్లీషులో ఇచ్చారు, నా పక్కన కూర్చున్న పెద్దావిడకు అది అక్కరకు రాలేదు. చెనిక్కాయ పెరికే రోజుల్లో నడుములు పట్టుకుని వచ్చే కూలి ఆడవాళ్లకు 12 సార్లు పట్నం రావడమంటే 12 రోజుల కూలి పోగొట్టుకోవడమే. వారికి రెండు మూడు సార్లలోనే వ్యాయామం నేర్పి పంపే ఏర్పాటు ఉండాలని ఆయనతో గట్టిగానే అన్నాను. మహిళా ఫిజియోథెరపిస్టు లేకపోవడం వల్ల మొదటి రెండుసార్లు నేనూ బిడియపడ్డాను. తోడుగా మా ఆడబిడ్డను లోపలికి రానిచ్చారు కనుక సర్దుకున్నాను.

పదికి ఏడుగా ఉన్న నొప్పి ఇప్పుడు రెండు దగ్గర ఉంది, పూర్తిగా పోలేదు. బస్సులో సగం దారి నిలబడి వెళ్తాను. బెల్టు బీరువా మీద ఉంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు, నడుము బిగిసి వ్యాయామం మొదలుపెట్టలేని స్థితి వచ్చినప్పుడు మాత్రమే ఆయన దగ్గర సమయం అడుగుతాను.