రాయవేలూరు ఆసుపత్రి: పాతికేళ్లు తిరిగాక రాస్తున్న సమీక్ష

వేలూరులోని క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రిని మా వైపు పల్లెల్లో సీఎంసీ అనడం తక్కువ, రాయవేలూరు ఆసుపత్రి అనే అంటారు. "రాయవేలూరికి రాసిచ్చినారంట" అంటే చాలు, జబ్బు పెద్దదని ఊరంతటికీ అర్థమైపోతుంది. మాది చిత్తూరు దగ్గర గుడిపాల వైపు. బస్సెక్కితే గంటలో వేలూరులో దిగుతాం. 1999లో మా నాయన కోసం మొదటిసారి వెళ్లాం, పోయిన ఏడాది అమ్మ కంటి కోసం వెళ్లాం. మధ్యలో చెల్లెలి కాన్పు, నా కిడ్నీలో రాయి. అక్కడ ఏ డాక్టరు మంచివాడని జనం ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. డాక్టర్ల పేర్లు నాకు సరిగ్గా గుర్తుండవు. గుర్తున్నదంతా సిస్టర్లే.

నాయనకి పక్షవాతం వచ్చినప్పుడు ముందు మా వైపే ఒక ఆసుపత్రిలో పది రోజులు ఉంచాం. పేరు వద్దు. సూదులు టైముకి వేసేవాళ్లు, మాత్రలు ఇచ్చేవాళ్లు. మనిషిని పక్కకి తిప్పాలని మాత్రం మాకు ఒక్కరూ చెప్పలేదు. మాకూ తెలియదు. తొమ్మిదో రోజు దుప్పటికి తడి అంటితే చూశాం, నడుము కింద రూపాయి బిళ్లంత పుండు. వేలూరుకి చేరేసరికి అది అరచేయంత అయింది.

వేలూరులో మొదటి రాత్రి ఒక నర్సింగ్ విద్యార్థిని వచ్చింది. ఇరవై ఏళ్లు కూడా ఉండవు. వెనక పెద్ద సిస్టర్ చేతులు కట్టుకుని నిలబడి చూస్తోంది, అంటే ఆ పిల్లకి అది పాఠం. నాయన ఒంటి కింద మడతపెట్టిన దుప్పటి వేసింది. చచ్చుబడిన చేతిని మెల్లిగా ఛాతీ మీదికి తెచ్చింది, మోకాలు మడిచింది, ఒక చెయ్యి భుజం మీద, ఇంకో చెయ్యి తుంటి మీద వేసి తనవైపు దొర్లించింది. వీపు వెనక ఒక దిండు, మోకాళ్ల మధ్య ఒక దిండు. మడమలు మంచానికి ఆనకుండా పిక్కల కింద ఇంకొకటి. అంతా అయ్యాక పెద్ద సిస్టర్ ఒక్క దిండు సర్ది, ఏదో చెప్పి వెళ్లిపోయింది. రెండు గంటలు గడిచాక ఆ పిల్ల మళ్లీ వచ్చింది. ఈసారి అమ్మ చేత చేయించింది.

అమ్మకి చదువు రాదు, గడియారం చూడటం వచ్చు. అది తెలుసుకుని ఆ అమ్మాయి పాత క్యాలెండరు కాగితం వెనక పది, పన్నెండు, రెండు అని గంటలు వేసి, పక్కన కుడికి ఒక బాణం, ఎడమకి ఒక బాణం గీసి ఇచ్చింది. నాయన ఆ తర్వాత ఆరేళ్లు బతికాడు. ఆ కాగితం ఆరేళ్లూ మా గోడ మీదే ఉంది. పుండు మానింది, మళ్లీ రాలేదు.

ఆ ఆసుపత్రి కథ తెలుసుకోవాలని నాకు బుద్ధి పుట్టింది అక్కడే. అయిడా స్కడర్ పేరు వేలూరు వెళ్లినవాళ్లు అందరూ వినే ఉంటారు, ఆసుపత్రి ముందు రోడ్డుకి ఆమె పేరే. 1870లో రాణిపేటలో పుట్టిన అమెరికన్ డాక్టరు గారి అమ్మాయి. తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు భర్తలు వచ్చి, కాన్పు కష్టమైన భార్యలకి ఆడ డాక్టరు కావాలని, మగ డాక్టరు వద్దని తిరిగి వెళ్లిపోయారు. తెల్లారేసరికి ముగ్గురు ఆడవాళ్లూ చనిపోయారు. అప్పటికి అయిడా డాక్టరు కాదు. అమెరికా వెళ్లి చదివి, 1899లో కార్నెల్‌లో పట్టా పుచ్చుకుని తిరిగొచ్చింది. 1900లో ఒకే మంచం ఉన్న చిన్న గదిలో వైద్యం మొదలుపెట్టింది. న్యూయార్క్‌లో షెల్ అనే బ్యాంకరు తన భార్య జ్ఞాపకంగా ఇచ్చిన పదివేల డాలర్లతో 1902లో 40 పడకల ఆసుపత్రి లేచింది.

ఆ రాత్రి ముగ్గురు ఆడవాళ్ల కథ అందరూ చెబుతారు. నాకు మాత్రం ఆ తర్వాతి వరస ముఖ్యం అనిపిస్తుంది. 1909లో నర్సుల బడి పెట్టారు, డెలియా హౌటన్ అనే నర్సు సాయంతో. ఆడపిల్లలకి డాక్టరు చదువు చెప్పే స్కూలు 1918లో వచ్చింది. అంటే నర్సుల బడి డాక్టర్ల బడికి తొమ్మిదేళ్లు పెద్దక్క! ఇది కాకతాళీయం అని నేను అనుకోను. ఆపరేషన్ గంటలో అయిపోతుంది, మిగతా ఇరవై మూడు గంటలు రోగి దగ్గర ఎవరుంటారు? పరాయి మనిషి గాయం కడగడం, మలమూత్రాలు తీయడం పరువున్న ఇంటి పిల్ల చేసే పనేనా అని మొహం చిట్లించే రోజులవి. (ఇప్పుడు మాత్రం పూర్తిగా పోయిందా? మా చెల్లెలు నర్సింగ్ చదువుతానంటే మా పెదనాయన నెల రోజులు మాట్లాడలేదు.) అలాంటి పనిని పుస్తకం, పరీక్ష ఉన్న చదువుగా మార్చి, 1946కి డిగ్రీ దాకా తెచ్చారు. మన దేశంలో నర్సింగ్‌కి డిగ్రీ మొదలైంది ఆ ఏడాదే, ఢిల్లీలోనూ వేలూరులోనూ.

మిగతా ఘనతలు, అంటే కుష్ఠు వ్యాధితో వంకర తిరిగిన వేళ్లకి పాల్ బ్రాండ్ చేసిన ఆపరేషన్లు, గుండె ఆపరేషన్లు, కిడ్నీ మార్పిడి, అవన్నీ చాలామంది రాశారు.

పోయిన ఏడాది అమ్మకి శుక్లం ఆపరేషన్ జరిగింది షెల్ కంటి ఆసుపత్రిలో. 1902 నాటి ఆసుపత్రి పేరే ఇది, ఇప్పుడు కళ్లకి. కట్టు విప్పే రోజు వచ్చిన సిస్టర్‌ది కేరళ. "నొప్పి ఉండాదామ్మా?" అంది అచ్చం మా గుడిపాల యాసలో. అమ్మ నవ్వు ఆపుకోలేక, "నొప్పి లేదు గానీ, నువ్వెవరి బిడ్డవే?" అంది. చిత్తూరు, తిరుపతి, కడప పేషెంట్ల దగ్గరే నేర్చుకుందట. పుస్తకం తెలుగు చదివితే "ఉందా" అని అడిగేది. అప్పుడు అమ్మ తనలో సగం టెన్షన్ దాచుకునేదని నా నమ్మకం.

కొత్తగా వెళ్లేవాళ్లకి రెండు మాటలు. ఒక్క రోజులో పని అవుతుందని బయల్దేరకండి, మూడు రోజులకి బట్టలు సర్దుకోండి. మొదటిసారి ఇచ్చే ఆసుపత్రి నంబరు జన్మంతా అదే, పారేయకండి. ఓపీలో జనరల్, ప్రైవేటు అని రెండు రకాలున్నాయి, ఏది రాయించుకుంటున్నారో ముందే చూసుకోండి. 2022 నుంచి యాక్సిడెంట్ కేసులు, మరికొన్ని విభాగాలు రాణిపేట క్యాంపస్‌కి మారాయి. కాగితం మీద ఏ క్యాంపస్ అని ఉందో చదివి గానీ కాట్పాడి రైల్వే స్టేషన్‌లో ఆటో ఎక్కకండి. "నేను చూపిస్తా రండి సార్" అని తెలుగులో పలకరించే దళారులు కనిపిస్తారు, దండం పెట్టి ముందుకు నడవండి. 1999లో ఒకడి మాట విని లాడ్జికి రెట్టింపు కట్టిన మొనగాణ్ణి నేనే.

అమ్మ రెండో కన్ను సంక్రాంతి తర్వాత. నంబరు కాగితం ఈసారి నన్ను నమ్మి ఇవ్వలేదు. ట్రంకుపెట్టెలో, ఆ బాణాల క్యాలెండరు కాగితం పక్కనే పెట్టుకుంది.